పక్ దొరికిందా?

ప్రతి సంవత్సరం జూన్ 9న నాకో మెసేజ్ వస్తుంది. "దొరికిందా?" అని. హాయ్ ఉండదు, ఎలా ఉన్నావ్ ఉండదు. పంపేది ఫిలడెల్ఫియాలో నాతో పాటు పనిచేసిన ఒక అమెరికన్ పెద్దాయన, ఇప్పుడు రిటైరయ్యాడు, నేను హైదరాబాద్ వచ్చేసి కూడా పదేళ్లు దాటింది, ఐనా మెసేజ్ మాత్రం ఆగలేదు. నేను "ఇంకా లేదు" అని కొడతా, ఆయన ఒక ఏడుపు బొమ్మ పెడతాడు, మళ్ళీ వచ్చే జూన్ దాకా ఇద్దరం మాట్లాడుకోం. మా ఆవిడ మొదట్లో ఏం పోయిందండీ, కార్డా పాస్‌పోర్టా అని కంగారు పడింది. పోయింది ఒక నల్ల రబ్బరు బిళ్ళ, ఐస్ హాకీలో బంతి బదులు వాడేది, దాన్నే పక్ అంటారు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. 2010 జూన్ 9 రాత్రి ఫిలడెల్ఫియాలో గోల్లోకి దూరింది, ఆ తర్వాత ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

అది ఎవడి కాళ్ల కింద నుంచి దూరిందో వాడి గురించి రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. పేరు మైఖేల్ లేటన్. ఐస్ హాకీ గోలీ, అంటే గోల్‌కీపర్. మీరెవరూ విని ఉండరు, అందులో మీ తప్పేం లేదు, హాకీ చూసేవాళ్ళలో కూడా సగం మందికి ఆ ఒక్క గోలు వల్లే తెలుసు.

నేనసలు ఐస్ హాకీ చూసే రకం కాదు. తెనాల్లో ఐస్ అంటే పుల్ల ఐసు, లేకపోతే చేపల బండి మీద రంపప్పొట్టు చల్లి పెట్టే దిమ్మ. 2009లో అమెరికా వెళ్లా, రిసెషన్ ఇంకా పూర్తిగా పోలేదు, తీసుకెళ్లిన కన్సల్టెన్సీ (పేరు అనవసరం) న్యూజెర్సీ గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది మందిని పడేసి బెంచ్ మీద కూర్చోబెట్టింది. బెంచ్ అంటే ఏంటో మనవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు కదా. పొద్దున లేస్తే రెజ్యూమే మార్చడం, మధ్యాహ్నం వెండర్ కాల్, రాత్రి పప్పు ఎవడు వండాలని గొడవ. డిసెంబర్లో ఫిలడెల్ఫియాలో ప్రాజెక్ట్ దొరికింది, ఆరు నెలలే, ఎవరో మధ్యలో మానేస్తే ఆ సీట్లోకి. చేరిన వారంలోనే లంచ్ టైంలో ఈ పెద్దాయన చెప్పాడు, మా టీమ్‌లో కూడా నీలాంటివాడే ఒకడొచ్చాడు ఈ వారం అని. ఆఫీస్ టీమ్ అనుకున్నా. కాదు, ఫ్లయర్స్ టీమ్ అట, ఫిలడెల్ఫియా ఐస్ హాకీ టీమ్. గోలీ రే ఎమెరీకి దెబ్బ తగిలితే డిసెంబర్ 15న వేవర్స్‌లోంచి లేటన్‌ని తీసుకున్నారు.

వేవర్స్ అంటే నాకు వెంటనే అర్థమైపోయింది, చెప్పేవాడికే ఆశ్చర్యం. ఒక టీమ్‌కి ఒక ప్లేయర్‌ని కింద లీగ్‌కి పంపాలనుకుంటే ముందు వాడి పేరు లిస్ట్‌లో పెట్టాలి, 24 గంటలు మిగతా టీమ్‌లన్నీ చూసుకుంటాయి, ఎవరైనా కావాలంటే వాడి కాంట్రాక్ట్ తీసుకుపోవచ్చు, ఎవరూ అడక్కపోతే కింద లీగ్‌కి బస్సెక్కడమే. అంటే ఒక రోజంతా ప్రపంచం మొత్తానికి తెలుసన్నమాట నువ్వు వీళ్లకి అక్కర్లేదని. నాకైతే మా సేల్స్ వాడు రోజూ పంపే హాట్‌లిస్ట్ మెయిల్ గుర్తొచ్చింది, పేరు, ఎక్స్‌పీరియన్స్, ఎప్పుడు అవెయిలబుల్. అవెయిలబుల్ ఇమీడియట్లీ. ఛీ, ఆ మాట ఇప్పటికీ కనపడితే కడుపులో తిప్పుతుంది.

ఇలాంటి ప్లేయర్లని జర్నీమ్యాన్ అంటారు. నేను చాలా రోజులు జర్నీ కాబట్టి ప్రయాణం చేసేవాడు అనుకున్నా, ఊర్లు తిరుగుతాడు కదా. కాదట, అది ఫ్రెంచ్‌లో రోజు అనే మాట నుంచి వచ్చింది, రోజు లెక్కన పనిచేసే పనివాడు. అప్రెంటిస్ అయిపోయింది, పని మొత్తం వచ్చు, కానీ సొంత షాపు లేదు. మన మేస్త్రీల్లో ఉంటారు చూడండి, చెయ్యి బ్రహ్మాండంగా తిరిగినవాడు, ఏ కాంట్రాక్టరు పిలిస్తే ఆ సైటుకి సంచీ పట్టుకుని పోతాడు, బిల్డింగ్ మీద వాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. అదన్నమాట.

లేటన్ పుట్టింది 1981లో, కెనడా ఒంటారియోలో పెట్రోలియా అనే చిన్న ఊర్లో. పేరు చూస్తేనే తెలుస్తుంది, అక్కడ పాతకాలంలో నూనె బావులుండేవి. విండ్సర్‌లో జూనియర్ హాకీ, 1999 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకోవడం) షికాగో బ్లాక్‌హాక్స్ తీసుకుంది, ఆరో రౌండ్, 165వ నంబర్. షికాగో అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 165 అంటే పెళ్ళిలో మూడో పంక్తి, కూరలు అయిపోయి పెరుగు మాత్రం మిగిలే పంక్తి. అక్కడ నుంచి పైదాకా వచ్చేవాళ్లు తక్కువ. వీడు నార్ఫోక్‌లో ఏహెచ్ఎల్ ఆడి (అది రెండో మెట్టు లీగ్, ప్రతి పెద్ద టీమ్‌కి అక్కడొక పిల్ల టీమ్ ఉంటుంది) 2003 జనవరి 8న పైకొచ్చి తొలి ఎన్‌హెచ్‌ఎల్ (అన్నిటికన్నా పైనుండే పెద్ద లీగ్) మ్యాచ్ ఆడాడు. స్కోరెంతో తెలుసా, 0-0. అప్పటికి షూటౌట్ రూల్ (స్కోరు సమానమైతే ఒక్కొక్కరు వచ్చి గోలీ మీదికి కొట్టి తేల్చుకోవడం) రాలేదు కాబట్టి అలాగే టై. అటువైపు ఫీనిక్స్ గోలీ జాక్ బియర్క్‌కి కూడా అదే తొలి షట్అవుట్, అంటే మ్యాచ్ మొత్తం ఒక్క గోలూ ఇవ్వకపోవడం. ఇద్దరు గోలీలూ ఒకే మ్యాచ్‌లో కెరీర్ తొలి షట్అవుట్ చేయడం అదే మొదలట. మొదటి రోజే ఒక్క గోలూ ఇవ్వకుండా ఆడి, అలాగని గెలవనూ లేదు. జాతకం అక్కడే రాసేసినట్టుంది.

తర్వాత కొన్నేళ్లు చెప్తూ పోతే రైల్వే టైంటేబుల్ అవుతుంది. షికాగో నుంచి బఫెలోకి ట్రేడ్, ఆట మాత్రం రోచెస్టర్‌లో, వాళ్ల పిల్ల టీమ్‌కి. తర్వాత అనహైమ్ సంతకం, ఆట మళ్ళీ పిల్ల టీమ్‌కే, పోర్ట్‌లాండ్‌లో. 2006-07 ఒక్క సీజన్‌లోనే నవంబర్‌లో నాష్‌విల్ వేవర్స్‌లో తీసుకుంది, జనవరిలో ఫిలడెల్ఫియా తీసుకుంది, ఫిబ్రవరి చివర్లో మాంట్రియల్ తీసుకుంది. మాంట్రియల్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. గోలీ సామాను చూశారా ఎప్పుడైనా, ఒక మనిషి పట్టేంత బ్యాగు ఉంటుంది, ఆ కాలి ప్యాడ్లు, ఆ గ్లవ్స్, ఆ మాస్కు. టీమ్ మారిన మొదటి వారాల్లో పాత టీమ్ రంగుల ప్యాడ్లతోనే కొత్త జెర్సీ వేసుకుని ఆడేస్తుంటారు ఈ గోలీలు, ప్యాడ్లు చేయించడానికి టైం పడుతుంది కదా. పెళ్ళివారింటికి వేరే పెళ్ళి బట్టలతో వచ్చినట్టు.

ఇంకో సంగతి కూడా అర్థం చేసుకోవాలి. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్‌లో 30 టీమ్‌లు, టీమ్‌కి ఇద్దరు గోలీలు. మొత్తం 60 ఉద్యోగాలు. ప్రపంచం మొత్తానికి. ఫార్వర్డ్ ప్లేయర్ అయితే ఒక టీమ్‌లో పన్నెండు మంది ఆడతారు, నాలుగో లైన్లో ఐనా రోజుకి పది నిమిషాలు దొరుకుతాయి. గోలీ అలా కాదు, ఒకడు ఆడితే రెండోవాడు టోపీ పెట్టుకుని బెంచ్ చివర కూర్చుని తలుపు తీస్తూ మూస్తూ ఉండాలి. మళ్ళీ ప్రాక్టీస్‌లో మాత్రం అందరికన్నా చివర దాకా ఉండేది వాడే, ఎవడికి షాట్లు కొట్టాలనిపిస్తే వాడు కొడుతుంటే గోల్లో నిలబడి తినాలి. మనం 75వ ర్యాంక్ గోలీ అని తీసిపారేస్తాం, ప్రపంచంలో నా పనిలో నేను 75వ వాడినైతే మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవాళ్ళు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన రాత్రి. 2008 ఏప్రిల్ 24. లేటన్ అప్పుడు ఆల్బనీ రివర్ ర్యాట్స్ అనే ఏహెచ్ఎల్ టీమ్‌కి ఆడుతున్నాడు, కరోలినా వాళ్ల పిల్ల టీమ్, ఆ సీజన్‌కి లీగ్‌లో బెస్ట్ గోలీ అవార్డు కూడా వీడిదే. ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ రౌండ్లు), ఎదుట ఫిలడెల్ఫియా ఫాంటమ్స్. మూడు పీరియడ్లు అయ్యేసరికి 2-2. ప్లేఆఫ్స్‌లో టై ఉండదు, గోలు పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు ఆడిస్తూనే ఉంటారు. ఒక ఓవర్‌టైమ్ అయింది, రెండు అయ్యాయి, మూడు, నాలుగు. ఐదో ఓవర్‌టైమ్‌లో 2 నిమిషాల 58 సెకన్ల దగ్గర రయన్ పొటుల్నీ గోలు కొట్టాడు. ఫాంటమ్స్ 3-2. అంటే మొత్తం 142 నిమిషాల 58 సెకన్ల ఆట, మామూలు మ్యాచ్ 60 నిమిషాలే. అప్పటికి ఆ లీగ్ చరిత్రలో అంత పొడుగు మ్యాచ్ లేదు. లేటన్ మీదికి 101 షాట్లు వచ్చాయి, 98 ఆపాడు.

తొంభై ఎనిమిది. ఒక మామూలు మ్యాచ్‌లో 30 ఆపితే ఆ రోజు గోలీకి పని బాగా పడిందంటారు. ప్రతి షాట్‌కీ మోకాళ్ల మీద పడాలి, లేవాలి, పక్కకి జారాలి, మళ్ళీ పడాలి, చెమటకి నానిన ప్యాడ్లేసుకుని. మొక్కుకుని తిరపతి కొండ మోకాళ్లతో ఎక్కేవాళ్ళకి కూడా మధ్యలో ఆగే వీలుంటుంది. ఇంత చేసి ఓడిపోయాడు. ఆ ఓడిపోవడం కూడా కింద లీగ్‌లో. టీవీల్లో రాదు. పెద్దాయన ఈ కథ నాకు చెప్పలేదు, ఆయన ఫిలడెల్ఫియా మనిషి, గెలిచింది వాళ్ల ఊరి టీమే, ఐనా ఆయనకి గుర్తు లేదు. నేనే తర్వాత నెట్‌లో స్కోర్‌కార్డ్ చూసి, ఇదేంటిది టైపింగ్ మిస్టేకా అనుకుని రెండు మూడు చోట్ల వెతికా.

సరే 2009 డిసెంబర్‌కి వద్దాం. వచ్చాడు, గెలిపించడం మొదలుపెట్టాడు. జనవరి 1న బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ గ్రౌండ్‌లో ఐస్ పరిచి ఆడే వింటర్ క్లాసిక్ మ్యాచ్‌కి గోల్లో వీడే ఉన్నాడు, ఓవర్‌టైమ్‌లో పోయిందది. మార్చిలో మడమ పోయింది. ఇంకేం, అయిపోయింది అనుకున్నారు, బ్రయన్ బూషే అనే ఇంకో జర్నీమ్యాన్ గోల్లోకి వచ్చాడు, సీజన్ ఆఖరి మ్యాచ్ షూటౌట్‌లో గెలిచి ఫ్లయర్స్ ఎలాగోలా ప్లేఆఫ్స్‌లో పడ్డారు. రెండో రౌండ్‌లో (ఒక్కో రౌండ్ ఏడు మ్యాచ్‌ల సిరీస్, ముందు నాలుగు గెలిచినవాళ్లు పైకి) బోస్టన్‌తో మూడు మ్యాచ్‌లు వరసగా ఓడి నాలుగోది గెలిచారు. ఐదో మ్యాచ్ మధ్యలో బూషే మోకాళ్లు పోయాయి. బెంచ్ మీద ఎవరు, లేటన్. దాదాపు రెండు నెలలైంది మ్యాచ్ ఆడి. లేచి గోల్లోకెళ్లాడు, ఒక్క గోలూ ఇవ్వలేదు, 4-0. ఆరోది 2-1. ఏడోది బోస్టన్‌లో, మొదటి పీరియడ్‌లోనే 0-3 వెనకబడ్డారు, కోచ్ లావియలెట్ టైమ్‌అవుట్ తీసుకున్నాడు, మా రూమ్‌లో నేనొక్కడినే చూస్తున్నా, మా గుంటూరు రూమ్మేట్ "ఆపెయ్ మామా, రేపు ఆఫీసుంది" అన్నాడు. ఆపలేదు. 4-3తో గెలిచారు. సిరీస్‌లో 0-3 నుంచి, ఆఖరి మ్యాచ్‌లో మళ్ళీ 0-3 నుంచి. సిరీస్‌లో అలా వెనక్కొచ్చి గెలిచింది అంతకుముందు 1942లో టొరంటో, 1975లో ఐలాండర్స్, అంతే. తర్వాత మాంట్రియల్‌తో ఐదు మ్యాచ్‌లు, అందులో మూడు షట్అవుట్లు లేటన్‌వి. ఒకప్పుడు వేవర్స్‌లో తీసుకుని ఒక్కసారి కూడా ఆడించని మాంట్రియల్, అదే. మా రూమ్మేట్ కూడా ఇప్పుడు సోఫాలో కూర్చుని చూడ్డం మొదలుపెట్టాడు, రూల్స్ ఏమీ తెలీవు, "మనోడు ఉన్నాడా ఇవాళ" అని అడిగేవాడు, మనోడు అంటే లేటన్. నా ప్రాజెక్ట్ కూడా జూన్‌లో అయిపోతుంది, ఎక్స్‌టెన్షన్ గురించి ఎవరూ ఏం చెప్పట్లేదు, ఆ టెన్షన్లో రాత్రిపూట ఇదే.

ఫైనల్ ఎవరితో? షికాగోతో. 165వ నంబర్‌లో తీసుకున్న ఆ షికాగోతోనే.

ఇక్కడ అభిమానంతో అబద్ధం చెప్పను. ఫైనల్లో లేటన్ బాగా ఆడలేదు. మొదటి మ్యాచ్‌లో 20 షాట్లకి 5 గోల్స్ ఇచ్చాడు, కోచ్ తీసేశాడు. ఐదో మ్యాచ్‌లో మళ్ళీ తీసేశాడు. ఐనా ఆరో మ్యాచ్‌కి వీడినే పెట్టాడు, మనోడు ఎలాగో లాక్కొచ్చాడు, మూడో పీరియడ్లో ఇంక నాలుగు నిమిషాలుందనగా ఫ్లయర్స్ ప్లేయర్ హార్ట్‌నెల్ గోలు కొట్టి 3-3 చేశాడు, ఆ అరుపులకి ఊరు ఊరంతా లేచింది. ఓవర్‌టైమ్ నాలుగు నిమిషాలు గడిచాయి. షికాగో ప్లేయర్ ప్యాట్రిక్ కేన్ ఎడమ పక్క నుంచి వచ్చి, గోల్ అసలు కనిపించీ కనిపించని మూల నుంచి, ఏదో పోతే పోయిందన్నట్టు ఒకటి కొట్టాడు. పక్ మాయమైపోయింది. ఎర్ర లైటు వెలగలేదు. రిఫరీ చెయ్యెత్తలేదు. టీవీలో కామెంటేటర్లకి అర్థం కాలేదు. ఒక్క కేన్‌కి మాత్రమే తెలుసు, గ్లవ్స్ గాల్లోకి విసిరి ఆ చివర ఉన్న వాళ్ల గోలీ దగ్గరికి పరుగెత్తాడు, వాళ్ల టీమ్‌వాళ్లే కొంతమంది నమ్మాలా వద్దా అని చూస్తున్నారు. పక్ లేటన్ కాళ్ల కింద నుంచి దూరి నెట్ అడుగున ఉండే మెత్త కింద ఇరుక్కుంది. రివ్యూలో తేల్చారు. షికాగోకి 1961 తర్వాత, అంటే 49 ఏళ్లకి కప్పు.

అది ఆపాల్సిన షాటే. ఏ గోలీని అడిగినా అదే చెప్తాడు. నాకు ఇంకా కళ్లల్లో ఉండిపోయింది మాత్రం ఆ షాట్ కాదు. అందరూ అటు చూస్తున్నారు, ఇటు లేటన్ వెనక్కి తిరిగి నెట్లోకి చూస్తున్నాడు. మా రూమ్మేట్ "అయిందా, అవలేదా, ఏమైంది రా" అని అడుగుతూనే ఉన్నాడు, నా దగ్గర సమాధానం లేదు.

ఆ గందరగోళంలో పక్ ఎవరో తీసుకుపోయారు. షికాగోలో ఒక రెస్టారెంట్ ఆయన 50,000 డాలర్లు ఇస్తానని ప్రకటించాడు, ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది వ్యవహారం, దొరకలేదు. అదీ మా పెద్దాయన మెసేజ్ కథ.

ఆ వేసవిలో ఫ్లయర్స్ లేటన్‌కి రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు, 3.1 మిలియన్లు. హమ్మయ్య సెటిలయ్యాడు అనుకున్నా, నాకు కూడా అదే నెలలో ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పిచ్చి ఆనందం. ఆ అక్టోబర్‌కే వాడికి వెన్నులో డిస్క్ ఆపరేషన్, ప్లేఆఫ్స్‌కి ముందు సీజన్‌లో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, వేవర్స్, మళ్ళీ కింద లీగ్, అడిరాండాక్. 2011లో ఫ్లయర్స్ ఇలియా బ్రిజ్‌గలోవ్‌ని 9 ఏళ్లకి 51 మిలియన్లిచ్చి తెచ్చుకున్నారు, రెండేళ్లకే డబ్బులిచ్చి మరీ పంపేశారు, అది వేరే కామెడీ. 2013లో స్టీవ్ మేసన్ కోసం లేటన్‌ని కొలంబస్‌కి ఇచ్చేశారు. అక్కణ్ణుంచి ఎక్కడికెళ్లాడో చెప్తే నవ్వుతారు, తర్వాత నవ్వరు. యుక్రెయిన్. దోన్యెత్స్క్. అక్కడ దోన్‌బాస్ అనే టీమ్ రష్యన్ లీగ్‌లో ఆడేది. 2014 వసంతం దోన్యెత్స్క్‌లో ఎలా ఉందో మనకి తెలుసు. ప్లేఆఫ్స్ హోమ్ మ్యాచ్‌లు స్లొవేకియాలో బ్రాటిస్లావాకి మార్చారు, మే నెలలో ఆ టీమ్ స్టేడియం తగలబెట్టేశారు. ఒంటారియో కుర్రాడు గోలీ ఉద్యోగం వెతుక్కుంటూ పోయి పోయి అక్కడ తేలాడు. మనవాళ్లు గల్ఫ్‌లో, లిబియాలో ఇరుక్కున్న కథలు వింటూ పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదేమో.

తర్వాత మళ్ళీ షికాగో పిలిచింది. అవును, మళ్ళీ. రాక్‌ఫోర్డ్‌లో వాళ్ల పిల్ల టీమ్‌కి. తర్వాత కరోలినా, షార్లట్. ఆ తర్వాతి సీజన్ అయితే టాంపా, అరిజోనా, పిట్స్‌బర్గ్ అంటూ కాగితాల మీదే మారుతూ పోయాడు, నేను కూడా లెక్క వదిలేశా. ఈ మధ్యలో ఎప్పుడో నిశ్శబ్దంగా ఒకటి జరిగింది, ఏహెచ్ఎల్‌లో కెరీర్ షట్అవుట్ల రికార్డు జానీ బవర్‌ది, 45, ఆయన ఆ లీగ్‌లో ఆడింది 1940లు 50లలో, తర్వాత టొరంటోలో దేవుడైపోయాడు. ఆ రికార్డు లేటన్ దాటేశాడు, 50 దాకా తీసుకెళ్లాడు. అన్ని దశాబ్దాల్లో ఆ లీగ్ మీదుగా ఎంతోమంది గోలీలు పోయారు, ఎవరూ దాటలేదు. ఎందుకంటే మంచి గోలీ అయితే అక్కడ ఉండనివ్వరు, పైకి తీసుకుపోతారు, చెడ్డ గోలీ అయితే అన్నేళ్లు ఎవరూ పెట్టుకోరు. ఆ రికార్డు కొట్టాలంటే పైన నిలదొక్కుకోలేనంత, కింద వదులుకోలేనంత సరిగ్గా ఆ మధ్యలో పదిహేనేళ్లు ఉండాలి. దీన్ని మెచ్చుకోవాలో జాలి పడాలో నాకు ఒక్కో రోజు ఒక్కోలా అనిపిస్తుంది. పైన ఆడిన మ్యాచ్‌లు లెక్కేస్తే 110 దగ్గర.

యూట్యూబ్‌లో కేన్ గోలు వీడియో కింద కామెంట్లు చూస్తే ఒళ్లు మండుతుంది, వీడు అసలు ఎన్‌హెచ్‌ఎల్ గోలీయే కాదు అని. అవును బాబూ కాదు, అందుకే గోలీలందరూ పడిపోయాక వీడిని పిలిచారు, ఫైనల్ దాకా తెచ్చాడు. మడమ పోకుండా, బూషే మోకాళ్లు పోకుండా, ఎమెరీకి దెబ్బ తగలకుండా ఉంటే ఆ రాత్రి ఆ గోల్లో వీడు ఉండేవాడే కాదు. అప్పుడు ఇంకెవడో ఆపేవాడేమో, కానీ అసలు ఆ రాత్రి అనేది ఉండేదా అని నా డౌటు.

ఈ జూన్‌లో మెసేజ్ వచ్చింది ఎప్పట్లాగే. "దొరికిందా?" ఈసారి "ఇంకా లేదు" అని కొట్టి ఊరుకోలేదు. ఏప్రిల్ 24న ఎందుకు పెట్టవు మెసేజ్ అని అడిగా. ఆ రోజు ఏముంది అన్నాడు. మీ ఫాంటమ్స్ గెలిచారు, ఆల్బనీలో, ఐదో ఓవర్‌టైమ్‌లో, అని చెప్పి స్కోర్‌కార్డ్ ఫోటో పంపా. చాలాసేపు టైపింగ్ అని చూపిస్తూ ఆగింది, మళ్ళీ టైపింగ్ అని వచ్చింది, చివరికి ఒకటే వచ్చింది.

"98?"

అవును అన్నా.